గెడ్డలో ఆడే పిల్లకు దాహమెందుకు వేయదు?

మే నెలలో ఏ ఆదివారమైనా మధ్యాహ్నం పన్నెండు దాటాక చాపరాయి దగ్గరికి వెళ్ళి చూడండి. అరకు నుంచి పాడేరు పోయే దారిలో, డుంబ్రిగుడ మండలంలో ఉంటుందది. వెడల్పాటి రాతిపలక మీదుగా గెడ్డ జారుతూ పోతుంటుంది. విశాఖ, విజయనగరం బళ్ళు ఒడ్డున బారులు తీరి ఉంటాయి. పొద్దున దిగిన పిల్లలు భోజనానికి పిలిచేదాకా పైకి రారు. జారడం, లేవడం, మళ్ళీ ఎండలో రాయెక్కి పరుగెత్తడం, మళ్ళీ జారడం. చెట్టు కింద సంచిలో మంచినీళ్ళ సీసాలు మూత తీయకుండా అలాగే ఉంటాయి. ఏ అమ్మమ్మకో అనుమానమొచ్చి "ఒక గుక్క తాగి పోరా" అని కేకేస్తే, పక్కనున్నాయన నవ్వేస్తాడు: "నీలల్లోనే ములిగున్నాడు, ఆడికి దాహమేటి?"

అమ్మమ్మదే సరైన మాట. వాడికి దాహం వేయడం లేదన్నది నిజమే. కానీ ఒంట్లో నీళ్ళు సరిపడా ఉండబట్టి కాదు. నీళ్ళలో ఉన్నందువల్ల దాహం తెలియడం లేదు, అంతే. పైగా నీళ్ళలో ఉన్నందువల్లే ఒంటి నీరు మరికాస్త ఎక్కువగా పోతుంటుంది కూడా.

ముందు ఒక అపోహ తీసేయాలి. చర్మం నీటిని పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. గంటసేపు గెడ్డలో నానితే వేళ్ళు ముడతలు పడతాయి కదా, నీళ్ళు లోపలికి పోయాయనడానికి దాన్నే రుజువుగా చూపిస్తారు. అది నీళ్ళు పీల్చుకోవడం వల్ల వచ్చే ముడత కాదు. వేలికొసల్లోని రక్తనాళాలను నరాలు బిగించడం వల్ల వస్తుంది. నరం దెబ్బతిన్న వేలు ఎంతసేపు నానబెట్టినా ముడత పడదని 1930ల్లోనే వైద్యులు గమనించారు. చర్మం పైపొర ఉన్నదే నీటిని అటూ ఇటూ పోనివ్వకుండా ఆపడానికి. పిల్లవాడు సాయంత్రందాకా గెడ్డలో కూచున్నా, ఒంట్లోకి నీళ్ళు వెళ్ళే దారి నోరొక్కటే.

ఇక నీళ్ళు ఎలా పోతాయో చూద్దాం. అరకులోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన విశాఖ తీరానికీ ఇక్కడికీ ఐదారు డిగ్రీల తేడా ఉంటుంది. బీచ్ రోడ్డులో చొక్కా ఒంటికి అతుక్కుపోయిన మనిషికి అనంతగిరి దాటగానే ప్రాణం లేచొస్తుంది. ఆ హాయిలోనే మోసముంది. తీరంలో గాలి నిండా తేమ కాబట్టి చెమట ఆరదు, కారుతుంది, కళ్ళకు కనిపిస్తుంది. కొండమీద వేసవి మధ్యాహ్నం గాలి అంతకన్నా పొడిగా ఉంటుంది. చెమట పుట్టినది పుట్టినట్టే ఆవిరైపోతుంది. కనిపించని చెమటను ఎవరూ లెక్కలో వేయరు. రంపచోడవరం, చింతూరు వైపు పల్లపు అడవుల్లో పరిస్థితి వేరు. అక్కడ వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే, మారేడుమిల్లి జలతరంగిణి దగ్గర ఆడే పిల్లలకు చెమట, ఉక్క రెండూ ఉంటాయి. "అరకు చల్లన" అన్న మాటను తూర్పు కనుమలంతటికీ వర్తింపజేయకూడదు.

నీళ్ళాటకు ఇవ్వాల్సిన మర్యాద కూడా ఇవ్వాలి. లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తనతో పట్టుకుపోతుంది. తడిసిన ఒంటి మీద ఆవిరయ్యేది గెడ్డ నీరైతే ఆ మేరకు చెమట పోయాల్సిన పని తప్పుతుంది. ఎండలో క్రికెట్ ఆడే పిల్లవాడి కన్నా గెడ్డలో ఆడేవాడు చల్లగా ఉంటాడు, వాడికి వడదెబ్బ భయం తక్కువ. కాబట్టి నీళ్ళాట మానిపించమని నేను చెప్పను. నేను చెప్పేది తాగడం గురించే.

నీళ్ళలో దిగిన మనిషికి తరచూ మూత్రం రావడం అందరికీ అనుభవమే. ఎందుకొస్తుందో 1950ల్లో ఓటో గావర్, జేమ్స్ హెన్రీ అనే శరీరశాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. మెడలోతు నీళ్ళలో నిలబడితే నీటి ఒత్తిడి కాళ్ళలో, పొట్టలో ఉన్న రక్తాన్ని పైకి తోస్తుంది. పెద్దవాళ్ళలో దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం అదనంగా ఛాతీలోకి చేరుతుందని తర్వాత కొలిచారు. గుండె పైగదులు ఉబ్బుతాయి. ఒంట్లో ఎంత నీరుందో నేరుగా కొలిచే సాధనం శరీరానికి లేదు. గుండె ఎంత నిండిందన్నదే దానికి ఒక ముఖ్యమైన కొలత. గుండె నిండుగా కనిపించేసరికి నీళ్ళు ఎక్కువయ్యాయని శరీరం పొరబడుతుంది. మూత్రాన్ని ఆపే హార్మోను తగ్గిపోతుంది, ఉప్పునూ నీటినీ బయటికి పంపే హార్మోను పెరుగుతుంది, దానితోపాటు దాహమూ సద్దుమణుగుతుంది. వ్యోమగాముల ఒంట్లో ఏం జరుగుతుందో నేల మీదే తెలుసుకోవడానికి పరిశోధకులు మనుషుల్ని మెడదాకా నీళ్ళలో కూచోబెట్టేది ఇందుకే. భారరహిత స్థితిలోనూ రక్తం ఇలాగే పైకి చేరుతుంది.

చాపరాయి దగ్గర నీళ్ళు మెడదాకా ఉండవు కదా అనవచ్చు. నిజమే, మోకాలిలోతులో ఆ ఒత్తిడి ప్రభావం స్వల్పం. కానీ గెడ్డ నీరు చల్లన. ఒంటికి వేడీ చలీ తోచని నీళ్ళు 34, 35 డిగ్రీల దగ్గర ఉంటాయి, కొండ ఊటలోంచి వచ్చే నీరు అంతకన్నా చాలా చల్లగా ఉంటుంది. గాలికన్నా నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, అక్కడి రక్తం కూడా లోపలికే చేరుతుంది. శరీరానికి మళ్ళీ అదే పొరపాటు సందేశం అందుతుంది. పెదవులు నీలిరంగుకు తిరిగి పళ్ళు టకటకలాడుతున్న పిల్లను "నీకు దాహంగా ఉందా" అని అడిగి చూడండి. తల అడ్డంగా ఊపుతుంది. అబద్ధం చెప్పడం లేదు పాపం, దానికి నిజంగానే తెలియడం లేదు.

నోటికి సంబంధించిన మోసం ఇంకొకటి ఉంది. మనం గ్లాసెడు నీళ్ళు తాగితే అవి రక్తంలో కలవడానికి పది, పదిహేను నిమిషాలైనా పడుతుంది. దాహం మాత్రం ఒక నిమిషంలోనే తీరిపోతుంది. రక్తం ఇంకా చిక్కగా ఉండగానే మెదడు చాలించమంటుందన్నమాట. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఎలుకల మెదడులో దాహపు కణాలను నేరుగా గమనించారు. నీరు గొంతు దిగుతుండగానే ఆ కణాలు సద్దుమణిగాయి. చల్లటి లోహపు ముక్కను నాలుకకు తాకించినా చాలు, చుక్క నీరు తాగకపోయినా వాటి చురుకు తగ్గింది. ఇప్పుడు గెడ్డలో మునకేసి, ముఖాన నీళ్ళు చిమ్ముకుని, పుక్కిలించి ఉమ్మే పిల్లల్ని తలుచుకోండి. నోరు ఎప్పుడూ చల్లగా, తడిగా ఉంటుంది. ఎలుకలో చూసినదంతా మనిషిలో అచ్చం అలాగే జరుగుతుందని కాదు గానీ, ఎండలో నోరు పుక్కిలిస్తే దాహం తగ్గినట్టనిపించడం ఎవరికి తెలియదు?

పెద్దవాళ్ళకూ ఇవన్నీ వర్తిస్తాయి. పిల్లలకు అదనంగా మరికొన్ని ఉన్నాయి. వాళ్ళ బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. ఎండ తగిలే భాగం ఎక్కువ, చలికి వేడిని పోగొట్టుకునే భాగమూ ఎక్కువే. చిన్న ఒంట్లో నిల్వ తక్కువ కాబట్టి కొద్ది నష్టమే పెద్దదవుతుంది. 20 కిలోల పిల్ల, అంటే ఒకటో రెండో తరగతి చదివే పిల్ల, 400 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటే బరువులో 2 శాతం పోయినట్టే. రెండు గ్లాసుల నీళ్ళు! ఆ మాత్రానికే చిరాకు, తలనొప్పి, నిస్సత్తువ మొదలవుతాయి. "ఎండకు కళ్ళు తిరిగాయి", "దిష్టి తగిలింది" అని మనం చెప్పుకునే సాయంత్రాలు కొన్ని ఈ రెండు గ్లాసుల సంగతే అయివుంటాయి.

పిల్లల వ్యాయామం మీద జీవితమంతా పనిచేసిన ఓడెడ్ బార్-ఓర్ 1980లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. పది, పన్నెండేళ్ళ మగపిల్లల్ని వేడిగదిలో సైకిలు తొక్కించి, పక్కన కావలసినన్ని నీళ్ళు పెట్టారు. ఎవరూ వద్దనలేదు. అయినా పిల్లలు పోయినంత తాగలేదు. నీళ్ళు అందుబాటులో ఉంచితే చాలు, కావలసినప్పుడు వాళ్ళే తాగుతారన్న నమ్మకం అక్కడే దెబ్బతింది. ఆ పిల్లలు నీళ్ళలో కూడా లేరు, పొడి గదిలో ఉన్నారు. గెడ్డలో ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

నాకు ఇంకా ఎక్కువ నచ్చేది బార్-ఓర్ బృందం 1996లో ప్రచురించిన ప్రయోగం. ఈసారి ప్రతి పిల్లవాడికీ ఒకరోజు మామూలు నీళ్ళు, ఒకరోజు ద్రాక్ష రుచి కలిపినవి, మరోరోజు రుచితోపాటు కాస్త చక్కెర, కాస్త ఉప్పు కలిపినవి ఇచ్చారు. ఎంత తాగాలో పిల్లల ఇష్టానికే వదిలేశారు. రుచి చేరగానే తాగడం దాదాపు సగం పెరిగింది. ఉప్పు, చక్కెర కూడా చేరేసరికి మామూలు నీళ్ళతో పోలిస్తే రెట్టింపుకు దగ్గరైంది, నీటి కొరత పూడిపోయింది. రుచి నాలుకను ఊరిస్తుంది. ఉప్పు దాహాన్ని ఆరిపోనివ్వదు, తాగిన నీటిని ఒంట్లో నిలబెడుతుంది. ఉత్త నీళ్ళు గబగబా తాగితే రక్తం పలచబడి, దాహం ముందే తీరి, మిగతాది మూత్రంగా పోతుంది.

ఈ ఫలితం చదివితే కొండ మీది మనుషులకు నవ్వు రావచ్చు. ఉప్పు, పులుపు, పిండి కలిసిన పానీయం వాళ్ళకు కొత్తా? చోడి (రాగి) అంబలి ఉండగా ద్రాక్ష రసం దేనికి? భగత, కొండదొర, గదబ, పోర్జ, కోటియ, వాల్మీకి, ఏ ఇంట్లో చూసినా వేసవి పొద్దు అంబలితోనే మొదలవుతుంది. చోడి పిండిని నీళ్ళలో కలిపి రాత్రంతా పులవనిస్తారు. పొద్దున ఉడుకుతున్న నూకల్లో పోసి కాచి, చల్లారాక ఉప్పు వేస్తారు. పోడుకు వెళ్ళేవాళ్ళు ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పట్టుకుపోతారు. ఆవులు కాసే పిల్లలు గెడ్డ ఒడ్డున బుర్ర పెట్టి నీళ్ళలో దిగుతారు. కింద మైదానంలో ఇదే పని తరవాణి చేసింది, మజ్జిగ చేసింది. పట్నం నుంచి వచ్చిన పిల్ల చేతిలో రంగునీళ్ళ సీసా, ఊరి పిల్ల చేతిలో అంబలి బుర్ర ఒకే ఒడ్డున కనిపిస్తే, శరీరశాస్త్రం ప్రకారం ఎవరు ముందున్నారో చెప్పడానికి ఆలోచించక్కర్లేదు.

అంబలిలో ఇంకో గుణముంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. అది కాచినది. అంటే అంబలి తాగడమంటే మారురూపంలో కాచిన నీళ్ళు తాగడమే. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీరు 900 మీటర్ల ఎత్తులో సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. కొండమీద నీళ్ళు సరిగ్గా కాగవేమోనన్న సందేహం అక్కర్లేదు. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు అంతకన్నా చాలా తక్కువ వేడికే చస్తాయి. కుతకుత మరిగిన నీటిని ఒక నిమిషం అలాగే ఉంచితే చాలు. పులుపులోని ఆమ్లం కూడా కొన్ని సూక్ష్మజీవుల్ని అణిచిపెడుతుంది. కానీ చిక్కగా కాచిన అంబలిని తాగేముందు పలచన చేయడానికి గెడ్డలోంచి చెంబెడు పచ్చినీళ్ళు ముంచి కలిపారనుకోండి, కాచిన కష్టమంతా ఆ చెంబుతోనే పోతుంది. పలచన చేసే నీరూ కాచినదే కావాలి.

ఆడే నీరు వేరు, తాగే నీరు వేరు. ఈ మాట మైదానం నుంచి వచ్చినవాళ్ళకు మరీ గట్టిగా చెప్పాలి. "కొండ నీరు, మూలికల నీరు, ఎంత తేటగా ఉందో చూడు" అని దోసిలి పట్టి పిల్లల చేత తాగించే తండ్రులు ప్రతి జలపాతం దగ్గరా కనిపిస్తారు. తేటదనం కంటికి సంబంధించినది. పై ఊళ్ళో పశువులు దిగినదీ, బట్టలు ఉతికినదీ, ఆరుబయట మలవిసర్జన చేసినదీ దిగువకు వచ్చేసరికి కంటికి కనిపించవు. ఈ కొండల్లో వానాకాలమంతా నేలలోకి ఇంకిన నీరు ఊటలుగా బయటికి వస్తుంది. ఊట పుట్టిన చోట నీరు చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. అందుకే ఊట దగ్గర తొట్టె కట్టి, గొట్టంతో ఊళ్ళోకి దించే గ్రావిటీ పథకాలు ఏజెన్సీలో బాగా పనికొచ్చాయి. ఊట నుంచి బయటపడి నాలుగు పొలాలు, రెండు ఊళ్ళు దాటిన నీటిది వేరే కథ. వేసవిలో ఊటలు సన్నబడతాయి, గెడ్డ ధార చిక్కిపోతుంది, ఉన్న నీటినే మనుషులు, పశువులు పంచుకుంటారు. తొలకరి పడగానే కొండవాలు మీది మురికంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అప్పుడే విరేచనాలు ఊళ్ళను చుట్టేస్తాయి. దారి లేని ఊళ్ళ నుంచి డోలీ కట్టి పిల్లల్ని మోసుకొచ్చిన వార్తలు పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం. నీళ్ళు చాలకపోవడం కన్నా చెడ్డ నీళ్ళు తాగడమే ఈ కొండల్లో పిల్లల ఒంటిని ఎక్కువగా ఎండగట్టింది.

ఎంత తాగించాలి? 1957లో హాలిడే, సీగర్ అనే ఇద్దరు వైద్యులు వేసిన లెక్క ఇప్పటికీ పిల్లల వార్డుల్లో వాడుకలో ఉంది. మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తర్వాతి 10 కిలోలకు 50, ఆపైన 20. ఆ ప్రకారం 20 కిలోల పిల్లకు ఇంటిపట్టున ఉన్న రోజున కూడా లీటరున్నర కావాలి. పాలు, పప్పుచారు, పండ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆట రోజున దీనికి పైన కావాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో ఇచ్చిన సూచన ప్రకారం ఎండలో ఆడే 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్లు. చిన్నవాళ్ళకు అంతకన్నా కాస్త తక్కువ, కొన్ని గుక్కలు. గుక్కలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు గానీ 20 నిమిషాలన్న మాట గుర్తుంచుకోవాలి. బడుల్లో నీళ్ళ గంట కొట్టడం కేరళ 2019లో మొదలుపెట్టింది, తెలుగు రాష్ట్రాల బడులూ తర్వాత అందుకున్నాయి. గెడ్డ ఒడ్డున గంట ఉండదు. ఫోనులో అలారం పెట్టుకుని, మోగినప్పుడల్లా అందర్నీ ఒడ్డుకు పిలవడమొక్కటే మార్గం. పిలిచినప్పుడు తలలు లెక్కపెట్టడం, పాకుడు రాళ్ళ వైపు పోయినవాణ్ణి వెనక్కి లాగడం కూడా అయిపోతాయి. చాపరాయి నున్నటి రాయి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి, ఆ లెక్క దాహం లెక్కకన్నా ముందు చూసుకోవాలి.

దిగేముందే ఒక గ్లాసు తాగించి పంపడం అన్నిటికన్నా సులువు. దాహం తెలియని చోటికి వెళ్ళబోయే పిల్లకు దాహం తెలిసేచోటే తాగించడం. మామిడిపండులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే, పుచ్చకాయలో తొంభై పైన, దోసకాయలో ఇంకా ఎక్కువ. ముక్కలు కోసి ఉప్పు చల్లి ఒడ్డున పెడితే, సీసా వైపు చూడని పిల్ల కూడా చెయ్యి చాపుతుంది. బొంగులో చికెన్ విషయం వేరు. ఉప్పు, కారం దండిగా దట్టించిన ఆ ముక్కలు తిని, నీళ్ళు తాగకుండా మళ్ళీ గెడ్డలో దూకితే ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు ఒంట్లో ఉన్న నీటినే వాడుకుంటాయి. బొంగు చికెన్ తిననివ్వండి, గ్లాసెడు నీళ్ళతో తిననివ్వండి. కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంత తీపి కడుపులోంచి పేగుల్లోకి ఆలస్యంగా దిగుతుంది, పొట్ట ఉబ్బరించి పిల్ల ఇంకేదీ తాగనంటుంది.

ఓఆర్ఎస్ సంగతికి వద్దాం. ఇందులో గందరగోళం బాగా పెరిగింది. పేగు గోడలో ఒక రవాణా ప్రొటీను ఉంది. అది ఆలుమగలు కలిసొస్తేనే తలుపు తీసే పాతకాలపు పెద్దమ్మలాంటిది. సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే లోపలికి పంపుతుంది, వాటి వెంట నీరు నడుస్తుంది. విరేచనాలు పడుతున్నప్పుడు కూడా ఈ దారి మూతపడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయిన వేళ డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు వాడే పొట్లం 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన పాళ్ళది. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగతావి పొటాషియం, సిట్రేట్. అంతా కలిపి 20.5 గ్రాములు.

ఈ పాళ్ళలోనే దాని బలమంతా ఉంది. దుకాణాల్లో అదే పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు, ఉప్పు అరకొర. విరేచనాలతో ఉన్న పిల్లకు అంత తీపి పడితే పేగులోకి నీరు ఎదురు వచ్చి విరేచనాలు ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కదిలింది. ఆ పాళ్ళకు సరిపోని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట ఉండరాదని ఆదేశించింది. ఒక తెలుగు వైద్యురాలి మొండితనం దేశంలోని అన్ని దుకాణాల అరల్నీ కదిలించింది. ఈ వార్తకు రావాల్సినంత పేరు రాలేదని నా బాధ.

గెడ్డలో మామూలుగా ఆడిన పిల్లకు ఓఆర్ఎస్ అవసరం లేదు. అంబలి, ఉప్పేసిన మజ్జిగ, గంజి, నిమ్మరసం, నీళ్ళు సరిపోతాయి. వాంతులో విరేచనాలో మొదలైతేనే పొట్లం విప్పాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు తప్పుతుంది. ఆశా కార్యకర్త దగ్గర పొట్లాలు, జింకు బిళ్ళలు ఉంటాయి. పొట్లం దొరకని చోట లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, తలకొట్టిన అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, రుచి చూసి కన్నీటికన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి.

ఆరు నెలలు నిండని బిడ్డకు ఎండ పేరు చెప్పి నీళ్ళు, అంబలి, మజ్జిగ ఏవీ వద్దు. ఎంత ఎండైనా తల్లిపాలే, కాకపోతే మరిన్నిసార్లు. "పాపం నోరెండుతోంది" అని ఉగ్గుగిన్నెతో నీళ్ళు పట్టడం మన దగ్గర ఇంకా ఉంది. పసివాళ్ళ మూత్రపిండాలు ఎక్కువ నీటిని వదిలించుకోలేవు, రక్తంలో సోడియం పలచబడి ఫిట్స్ రావచ్చు. ఈత నేర్పుతుండగా నీళ్ళు మింగిన పసిబిడ్డకు ఇలాగే ఫిట్స్ వచ్చిన సంగతిని 1983లో అమెరికా వైద్యులు పీడియాట్రిక్స్ పత్రికలో నమోదు చేశారు. చంకలో బిడ్డను గెడ్డలో ముంచి ఆడించేవాళ్ళు ఆ మింగే గుక్కల మీద కన్నేసి ఉంచాలి.

నీళ్ళు తగ్గాయని ఎలా తెలుసుకోవడం? మూత్రం రంగు చూడమని పుస్తకాలన్నీ చెబుతాయి. లేత పసుపైతే మేలు, చిక్కటి పసుపైతే నీళ్ళు చాలలేదు. నీళ్ళాట రోజున ఈ పరీక్ష పప్పులో కాలేస్తుంది. పైన చెప్పుకున్న పొరపాటు సందేశం వల్ల నీళ్ళలోంచి లేచిన పిల్లకు మూత్రం ధారాళంగా, తేటగా వస్తుంది. నీళ్ళు కోల్పోతున్నప్పుడే వచ్చిన తేటదనమది. పైగా పిల్లలు గెడ్డలోనే పోసేస్తారు, ఎన్నిసార్లయిందో ఎవరికీ తెలియదు. కన్నీళ్ళు, పెదవుల తడి కూడా నీళ్ళలో కలిసిపోతాయి. ఆడుతున్నంతసేపూ నమ్మదగినది పిల్ల తీరొక్కటే. అప్పటిదాకా గెంతినవాడు రాయి మీద చతికిలబడ్డాడంటే, ఊరికే పోట్లాడుతున్నాడంటే, తలపోటంటున్నాడంటే నీడకు తెచ్చి తాగించాలి. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, నిలబడలేక తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు తాగించే ప్రయత్నం మానేసి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడుపుతూ 108కి ఫోను చేయాలి.

చాలామందికి అసలు నష్టం తిరుగు ప్రయాణంలో బయటపడుతుంది. అలిసిన పిల్లలు బండి ఎక్కగానే నిద్రపోతారు, నీళ్ళ ఊసు ఉండదు. అనంతగిరి మలుపుల్లో లేచి వాంతి చేసుకుంటారు. ఒంట్లో మిగిలిన నీరు అందులో కొంత పోతుంది. వాంతి అయిన వెంటనే గ్లాసెడు పట్టిస్తే అదీ బయటికే వస్తుంది. పది నిమిషాలు ఆగి, ఒకటి రెండు నిమిషాలకో చెంచా చొప్పున ఇస్తే నిలుస్తుంది. కొండ దిగేకొద్దీ వేడి మళ్ళీ పెరుగుతుంది. శృంగవరపుకోటలో టీకి బండి ఆపినప్పుడు, నీళ్ళలోంచి లేచి రెండు గంటలైనా అయివుంటుంది కాబట్టి, మూత్రం పరీక్షకు అది సరైన చోటు. అక్కడ రంగు చిక్కగా ఉంటే, లేదా అసలు రావడమే లేదంటే, విశాఖ చేరేలోపు ఆ పిల్ల ఇంకో రెండు గ్లాసులు తాగాలి.